ముప్పై ఒక్క నమూనాలు

2081 నాటికి ఉప్పాడ వాళ్ల సేద్యం సముద్రం మీదికి ఎక్కింది. తీరానికి ఇరవై కిలోమీటర్ల అవతల తేలే వేదిక మీద ముప్పై ఒక్క మంది ఆడవాళ్లు సముద్రపు నాచు కోస్తారు. పొద్దున్నే డ్రోన్ వచ్చి పాలు, కూరలు దించి నాచు మూటలు ఎత్తుకుపోతుంది. ఊళ్లో చెవులు కొరుక్కునే అలవాటు మాత్రం అలాగే ఉంది. దాన్ని మాన్పించే యంత్రాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

డాక్టర్ హైమవతి కనిపెట్టింది వేరే యంత్రం. దాని పేరు సూక్ష్మసాక్షి. బ్యాక్టీరియా గర్భాశయంలోకి, అక్కణ్ణుంచి అండవాహికల్లోకి పాకి వాపు తెస్తే దాన్ని పెల్విక్ ఇన్‌ఫ్లమేటరీ డిసీజ్ అంటారు. ఆమె దానికి కటివాపు అని పేరు పెట్టుకుంది. పూర్వం డాక్టర్లు పొత్తికడుపు నొక్కి, నొప్పి ఉందా అని అడిగి, సగం ఊహతోనే మందు రాసేవారు. సూక్ష్మసాక్షి మాత్రం శరీరం లోపల తిప్పిన దూదిపుల్లకు, అంటే స్వాబ్‌కు అంటిన తడిలోని డీఎన్ఏ చదువుతుంది. వచ్చింది కలయికతో అంటుకునే క్లమీడియానా, గనోరియానా, లేక లోపల ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవులే హద్దు మీరాయా అన్నది ఏడు నిమిషాల్లో తేలుస్తుంది. వాపు ఎంతవరకు పాకిందో కూడా చెబుతుంది. పేర్లు అడగదు. బిడియపడేవాళ్ల కోసం హైమవతి కావాలనే అలా తయారుచేసింది.

వేదిక మీదికి వచ్చి అందరికీ స్వాబ్ సీసాలు పంచింది. మర్నాడు ముప్పై ఒక్కటీ తిరిగొచ్చాయి. ఇంత బుద్ధిగా ఇచ్చారేమిటని ఆమె తెగ సంబరపడింది.

"అన్నిటిలోనూ క్లమీడియా ఉంది. వాపు అండవాహికల దాకా వచ్చింది. దారి ఇంకా మూసుకుపోలేదు," అంది సూక్ష్మసాక్షి.

"అందరికీనా?" అంది హైమవతి.

"అందరికీ కాదు. ఏ ఇద్దరి లోపలా సూక్ష్మజీవుల సంత ఒకేలా ఉండదు. ఈ ముప్పై ఒక్క నమూనాలూ ఒకే మనిషివి."

హైమవతికి ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. ఆ ఒక్కరు ఎవరో తెలియదు. ఆలస్యమయ్యేకొద్దీ అండవాహికలు మచ్చకట్టి, ఆమెకు పిల్లలు పుట్టే దారే మూసుకుపోవచ్చు. వెంటనే అందరినీ వంటశాలలోకి పిలిచింది.

"మీరేం చేశారో నాకు తెలిసింది. నేనెవర్నీ తిట్టను. కానీ ఆ నమూనా ఇచ్చినామెకు జబ్బుంది. ఇప్పుడు మందేస్తే తగ్గిపోతుంది. ఆమె ఎవరో నాకు చెప్పండి."

ముప్పై జతల కళ్లూ ఒక్కసారిగా నూకరత్నం వైపు తిరిగాయి. నూకరత్నానికి ఇరవై ఆరేళ్లు. తడి నాచు మూటను ఒంటిచేత్తో ఎత్తే మనిషి. పెళ్లై మూడేళ్లయింది, బిడ్డ కోసం మొక్కని దేవుడు లేడు.

"నాదేనండి," అంది. "జబ్బని తేలితే ఒడ్డుకి పంపేత్తారు, ఊరంతా ఏ రోగవని అడుగుద్దని ఈళ్లంతా బయపడ్డారండి. నీకైతే ఏ నలతా లేదు, నీదే అందరికీ ఇచ్చెయ్యవే అన్నారు. నాకు నొప్పన్నదే ఎప్పుడూ లేదు కదండీ?"

"ఇది చాలామందిలో నొప్పి లేకుండానే వస్తుందమ్మా. పద్నాలుగు రోజుల మందులు. మీ ఆయన కూడా వేసుకోవాలి. అప్పటిదాకా ఇద్దరూ దూరంగా ఉండాలి."

"మరి పిల్లలండి?"

"దారి తెరిచే ఉంది. జబ్బు ఇప్పుడే బయటపడింది కాబట్టి ఆశ గట్టిగానే ఉంది."

నూకరత్నం ఏడుస్తూనే నవ్వింది. "నన్నొక్కదాన్నే అడిగుంటే ఇచ్చేదాన్ని కాదండి. నాకేం రోగవని సీసా సముద్రంలోకి ఇసిరేసేదాన్ని. ఈళ్ల కోసవని ఇచ్చానండి."

హైమవతి మందుల పొట్లం ఆమె చేతిలో పెట్టింది. నొప్పి ఉన్నవాళ్ల కోసం పదకొండేళ్లు కష్టపడి చేసిన యంత్రానికి నొప్పి లేని మనిషి దొరికింది, అదీ ఒక దొంగపని వల్ల. యంత్రం నిజమే చెప్పింది. నిజాన్ని దాని దాకా తెచ్చింది మాత్రం ఆ ఆడవాళ్ల అబద్ధం.

వెనక బల్ల మీంచి సత్తెమ్మ లేచింది. వేదిక మీద అందరికన్నా పెద్దది. నీ నమూనానే ఇవ్వమని నూకరత్నానికి మొదట చెప్పింది కూడా తనే.

"నాలుగు నెలలుగా పొత్తికడుపులో పోటండి డాక్టరమ్మా. ఈ పిల్ల ఎనకాల దాక్కున్నాను," అంటూ చెయ్యి చాపింది. "ఇంకో సీసా ఇవ్వండి. ఈసారి నాదే ఇత్తాను."

ఆమె వెనకాల మిగతా ఆడవాళ్లు వరస కట్టడం మొదలెట్టారు.