ఉప్పుగరువు సవరణ

మా ప్రెస్సు కడియం రోడ్డులో నర్సరీల మధ్య ఉంటుంది. సాయంత్రమైతే ఒకవైపు నుంచి తడిసిన మల్లెమొక్కల వాసన, ఇంకోవైపు నుంచి ఇంకు వాసన. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ రెండూ కలిసే చోటు కోసమే కాసేపు గేటు దగ్గర నిలబడేదాన్ని.

పేపరు పేరు ‘వర్తకలేఖ’. వ్యాపార దినపత్రిక. ధాన్యం, కొబ్బరి, రొయ్యల ధరలు, షేర్లు. రామచంద్రపురంలో మిల్లు నడిపే ఆయన దగ్గర్నుంచి భీమవరంలో చెరువులున్న రాజులదాకా పొద్దున్నే కాఫీతో పాటు చూసే పేపరు. మాకు క్రికెట్టూ లేదు, సినిమాలూ లేవు కాబట్టి అర్ధరాత్రిదాకా కాచుక్కూర్చోనక్కర్లేదు. షేర్ మార్కెట్ మధ్యాహ్నమే మూసేస్తారు, మిగతా ధరలు సాయంత్రానికల్లా ఫోన్లో వచ్చేస్తాయి. దీపాలు పెట్టే వేళకి ప్లేట్లు మెషీనెక్కుతాయి. పేజీలు పెట్టేది నేను, దేవిశ్రీని. మెషీన్ నడిపేది అమ్మిరాజు గారు. ఏ వార్త వెయ్యాలో, ఏది తీసెయ్యాలో చెప్పేది డెస్క్ ఇన్‌ఛార్జి సురేష్‌బాబు గారు.

ఈ వానాకాలం మొదట్లో ‘ఉప్పుగరువు చెరువుల్లో వైరస్’ అని ఐదో పేజీలో పెద్ద వార్త వచ్చింది. భీమవరం అవతల చిన్న ఊరది. రొయ్యల మీదే బతుకుతుంది. ఆ వార్త ఏ విలేఖరీ పంపలేదు, సురేష్‌బాబు గారే స్వయంగా తెచ్చారు. ఆ పూట ఆయన గదిలో చంద్రరావు అనే రొయ్యల వ్యాపారి కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతున్నాడు. మర్నాడు పేపరు చూసి కొనేవాళ్లంతా ఆ ఊరి వైపు వెళ్లడం మానేశారు. చంద్రరావు లారీలు మాత్రం వెళ్లాయి. కారుచవగ్గా, అయినకాడికి రొయ్యల్ని ఎత్తుకొచ్చాయి.

ఆ తర్వాత సుబ్బాయమ్మ గారు వచ్చారు. ఉప్పుగరువులో చెరువులు చూసుకునే ఆవిడ. భర్త పోయాక మేతా, మందూ, కూలీలూ అన్నీ తనే. నీరుకావి చీర, చేతిలో నీళ్ల సీసా. ఆ సీసాలో నాలుగు రొయ్యలు ఈదుతున్నాయి.

“చూడండి బాబూ, ఏ మచ్చా లేదు. మా ఊళ్లో తెగులు లేదని రేపటి పేపర్లో రెండు ముక్కలు వేయండి. అంతే చాలు.”

“చూద్దాం లెండి,” అన్నారు సురేష్‌బాబు గారు ఫోన్లోంచి తలెత్తకుండా.

ఆవిడ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో సాయంత్రందాకా కూర్చున్నారు. నేను మంచినీళ్లిస్తే తాగలేదు. వెళ్లేటప్పుడు, “వేసేదాకా వస్తూనే ఉంటానండి,” అని నాతో అన్నారు. గొంతులో కోపం లేదు. అలా మరో రెండుసార్లు వచ్చారు. సవరణ వేయలేదు.

ఇక ఉన్న రొయ్యల్ని ఎలాగోలా తీసేద్దామని వర్షం పడుతుండగానే ఆవిడ కూలీలతో పాటు చెరువులోకి దిగారట. నీళ్లు చిలికే ఏరేటర్ తాలూకు కరెంటు వైరు తెగి నీళ్లలో పడింది. కూలీలు గట్టెక్కారు. ఆవిడ ఎక్కలేదు.

ఆ వార్త మా పేపర్లో వెయ్యక్కర్లేదన్నారు సురేష్‌బాబు గారు.

ఆవిడ పోయిన నెలకి, ముసురు పట్టిన ఒక సాయంత్రం ఎప్పటిలాగే ప్లేట్లు బిగించి మెషీన్ తిప్పారు. నేను మొదటి కాపీలు చూడటానికి కిందికి దిగాను. మెట్ల దగ్గరే ముక్కుకి ఏదో తగిలింది. మల్లె కాదు. ఇంకూ కాదు. ఎండిపోతున్న రొయ్యల చెరువు అడుగు బురద... ఆ కుళ్లు, ఆ ఉప్పదనం.

అమ్మిరాజు గారు ఒక కాపీ పట్టుకుని నిలబడి ఉన్నారు. కాగితం అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

“కాగితం రీలు తడిసిందాండీ?”

“పొడి రీలే అమ్మా. నా చేత్తో ఎక్కించాను.” ఆయన గొంతు తగ్గించారు. “ఐదో పేజీ చూడు.”

నేను పెట్టిన సిమెంటు ప్రకటన లేదు. దాని చోట రెండే వాక్యాలు. ‘ఉప్పుగరువు చెరువుల్లో తెగులు లేదు. వైరస్ వార్త అబద్ధం.’

సురేష్‌బాబు గారు వచ్చారు. చదివారు. మొహం నల్లబడింది.

“ఎవరు పెట్టారిది?”

“నేను కాదండి. ప్లేటు చూడండి.”

మెషీన్ ఆపి ప్లేటు చూశారు. ప్లేటు మీద సిమెంటు ప్రకటనే ఉంది. తుడిచి, మళ్లీ తిప్పించారు. ఈసారి అక్షరాలు అరచేతంత ఉన్నాయి. షేర్ల పట్టికని తోసేసి పేజీ నిండా పరుచుకున్నాయి. ఇంకా కింద మరో వాక్యం చేరింది.

‘ఆ అబద్ధం వేయించినది చంద్రరావు. వేసినది సురేష్‌బాబు.’

“ఆపండి,” అన్నారాయన. “ఆపండి, ఆపండి.”

అమ్మిరాజు గారు స్విచ్ నొక్కారు. ఎర్రదీపం వెలిగింది. మెషీన్ ఆగలేదు. కాపీలు వస్తూనే ఉన్నాయి... తడి కాపీలు... ఒకదాని మీద ఒకటి చప్ చప్ మని పడుతూ. రోలర్ల హోరులో ఇంకేదో చప్పుడు కలిసింది. నీళ్లు చిలుకుతున్న చప్పుడు.

“ఆవిడ అడిగింది అచ్చయిందండి,” అన్నారు అమ్మిరాజు గారు గుసగుసగా. “వెళ్లనిద్దాం. ఈ కాపీలే పంపేద్దాం.”

“నోర్ముయ్. నా ఉద్యోగం పోతుంది.”

మెయిన్ స్విచ్ రీళ్ల గోడౌన్‌లో ఉంటుంది. సురేష్‌బాబు గారు టార్చి తీసుకుని అటు నడిచారు. ఆయన లోపలికి వెళ్లగానే ఇనుప తలుపు దానంతటదే మూసుకుంది.

మెషీన్ ఆగింది.

నిశ్శబ్దం. వాన చుక్కలు. తర్వాత లోపల్నుంచి ఆయన గొంతు... మర్యాదగా, బతిమాలుతూ.

“రేపు వేస్తానండి... తప్పకుండా రేపు వేస్తాను...”

ఎవరో తొందరపడకుండా నీళ్లలో నడుస్తున్న చప్పుడు. ఆ తర్వాత ఈత రానివాడు కొట్టుకునే చప్పుడు. తలుపు లాగాం. రాలేదు. భుజాలతో తోశాం. రాలేదు. చప్పుడు ఆగిపోయాక, వేలు పెడితే తెరుచుకుంది.

గోడౌన్ పొడిగా ఉంది. రీళ్ల మీద దుమ్ము కూడా చెదరలేదు. వాటి మధ్య సురేష్‌బాబు గారు వెల్లకిలా పడి ఉన్నారు. చొక్కా పొడిగా ఉంది. నోట్లోంచి మాత్రం ఆకుపచ్చ నీళ్లు కారుతున్నాయి. మూసిన గుప్పిట విప్పితే నల్లటి బురద. ఊపిరితిత్తుల నిండా ఉప్పునీళ్లున్నాయని తర్వాత డాక్టరన్నారు. ఎక్కడ మునిగాడని మమ్మల్నే అడిగారు.

పోలీసులు వచ్చేలోపే అమ్మిరాజు గారు ఆ తడి కాపీలన్నీ కట్టలు కట్టి వ్యాన్లెక్కించారు. నేనూ చెయ్యి వేశాను. నాకు జాలి కలగలేదు. ఉన్నమాట చెబుతున్నాను. తెల్లారేసరికి అమలాపురం, రామచంద్రపురం, భీమవరం... అన్నిచోట్లా జనం ఐదో పేజీ చదివారు. వారం తిరక్కుండా ఉప్పుగరువుకి వేరే ఊళ్ల లారీలు రావడం మొదలైంది.

అంతటితో అయిపోయిందనుకున్నాం. బురద వాసన కూడా పోయింది.

నిన్న ఆఫీసు ఫోను మోగితే నేనే తీశాను.

“చంద్రరావునండి. మా ఇంటికి పేపరు వెయ్యొద్దని మీవాళ్లకి చెప్పండి.”

“అలాగేనండి. మీ ఏజెంటు చిట్టియ్య గారికి చెబుతాను.”

“చిట్టియ్య చేత ఎప్పుడో మానిపించాను. అయినా వస్తోంది. తలుపులకి గడియ పెట్టే ఉంటుంది. లేచేసరికి దిండు పక్కన మడతపెట్టి ఉంటోంది.” ఆయన ఊపిరి గట్టిగా వినిపిస్తోంది. “ఇవాళ మడత విప్పితే రొయ్య ఉందమ్మా. బతికుంది.”

“ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అండి?”

“లేరు. అందరినీ మా అత్తవారింటికి పంపించేశాను. నేనొక్కణ్ణే...”

అవతల కాలింగ్ బెల్ మోగింది. తలుపు బయట్నుంచి కాబోలు, ఒక ఆడగొంతు, ఏ తొందరా లేకుండా, ఎంతో మర్యాదగా పిలిచింది.

“పేపరండీ...”

నేను గోడ గడియారం వైపు చూశాను. సాయంత్రం నాలుగు. ఆ వేళప్పుడు పేపరు వేసేవాళ్లు ఎక్కడా ఉండరు. మర్నాటి పేపరుకి నేనింకా మొదటి పేజీ కూడా పెట్టలేదు.