షామీర్‌పేట సర్వర్ గది

మేడ్చల్ బస్ డిపో వెనక మా హ్యాచరీ. గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని ఫారాలకు పంపడం బాలరాజన్న వ్యాపారం. ఆయన దగ్గర కంప్యూటర్ల పని చూసేది నేనొక్కదాన్నే. నా పేరు స్రవంతి. ఉండేది సూరారంలో.

పొదిగే మెషీన్లలో వేడి కాస్త తగ్గినా, పెరిగినా వెంటనే మా ఫోన్లు మోగాలి. మోగించేది ఒక సర్వర్. ఎప్పుడో పని మానేసి వెళ్లిన ఇంజనీరు ఒకతను దాన్ని ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద కట్టాడు. విండోస్, లినక్స్ తెలిసినట్టు అది అందరికీ తెలియదు. కానీ ఇన్నేళ్లలో ఒక్కనాడూ మొరాయించలేదు. అందుకే బాలరాజన్న దాన్ని మార్చనివ్వడు.

ఈ వానాకాలం మొదట్లో మా సర్వర్‌కు చోటిచ్చే పాత హోస్టింగ్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఇకమీదట ఆ సిస్టమ్‌కు చోటివ్వరట. నెలాఖరుకల్లా సర్దుకోమన్నారు.

అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఎవరికి ఫోన్ చేసినా అదే జవాబు. కొందరికి ఆ పేరే తెలియదు. కొందరు, మీరే ఎక్కించుకోండి, పాడైతే మమ్మల్ని అడగొద్దు అన్నారు. ఒకరు సరేనని ఒప్పుకుని, తమ నెట్‌వర్క్ కార్డు ఆ సిస్టమ్‌తో పనిచేయడం లేదంటూ చేతులెత్తేశారు. మెషీన్ల నిండా గుడ్లున్నాయి. సర్వర్ ఆగిన రోజు కరెంటు పోతే ఒక్క పిల్ల కూడా బతకదు.

చివరికి షౌకత్ భాయ్ దొరికాడు.

"మీ మెషీన్ మీరే తెచ్చి పెట్టుకోండి మేడమ్. దాంట్ల ఏ సిస్టం నడిపిస్తరో మీ మర్జీ. కరెంటు, నెట్టు, సల్లటి రూం నా జిమ్మా," అన్నాడు ఫోన్లో.

ఆయన చోటు షామీర్‌పేటలో, మెయిన్ రోడ్డుకు కొంచెం లోపలికి. ఆ చుట్టుపక్కల ద్రాక్ష తోటలున్న కాలంలో కట్టిన కోల్డ్ స్టోరేజీ. మూర మందం గోడలు. షౌకత్ భాయ్ యాభై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఫ్రీబీఎస్‌డీ అంటే ఆయనకు బాగా తెలుసు. అది వినగానే నాకు సగం బరువు దిగిపోయింది.

గదిలో వరసగా ర్యాకులు. ఫ్యాన్ల హోరు. వెనక గోడకు ప్లైవుడ్ పలకలు ఆనించి ఉన్నాయి. మా సర్వర్ మెషీన్‌ను ఆ పలకల పక్కనున్న ర్యాకులో బిగించాను. పని కాగానే కీబోర్డు, మానిటర్ పీకి షౌకత్ భాయ్‌కి ఇచ్చేశాను. మెషీన్ తెర మీద ఏం పడుతుందో మేడ్చల్ నుంచే చూసుకునేలా ఏర్పాటు చేసుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఆఫీసులో కూర్చుని పరీక్షిస్తున్నాను. బయట వాన. పనివాళ్లు వెళ్లిపోయారు. పొదిగే మెషీన్ల గదిలోంచి సన్నటి రొద, తడి తౌడు వాసన. ఖాళీగా ఉన్న నల్లటి తెర మీద ఒక అక్షరం పడింది.

నేను ఏమీ కొట్టలేదు.

కొంచెం ఆగి ఇంకోటి. కీబోర్డు కొత్తవాళ్లు ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టినట్టు. ఇంగ్లీషు అక్షరాల్లో 'సలి' అని పడింది. దాని కింద మెషీన్ జవాబు వచ్చింది. 'సలి' అనే ఆదేశం దొరకలేదు.

నా పాస్‌వర్డ్ ఎవరి చేతిలోనో పడిందనుకున్నాను. వెతికి చూశాను. బయటి నుంచి ఎవరూ రాలేదు. కొడుతున్నది ఆ మెషీన్‌కే తగిలించిన కీబోర్డు మీద.

మళ్లీ 'సలి'. దొరకలేదు.

తర్వాత 'తలుపు'. దొరకలేదు.

అప్పుడు అర్థమైంది, అది తెలుగని. మా ఇళ్లలో మాట్లాడే తెలుగు. చలి అంటున్నారు ఎవరో.

షౌకత్ భాయ్‌కి ఫోన్ చేశాను.

"భాయ్, రూంల ఎవరున్నరు?"

"ఎవరు లేరు మేడమ్. తాళం నా జేబుల్నే ఉంది. గేటు కాడ కూసున్న."

"నా మెషీన్ మీద ఎవరో కొడుతున్నరు."



"కీబోర్డు మీరే పీకిన్రు గద మేడమ్. నా టేబుల్ మీద ఉంది. ఇగో, నా ముంగటనే."

తెర మీద అక్షరాలు కదులుతున్నాయి. 'అవ్వా తలుపు తి...'

ఆ మాట పూర్తయ్యేదాకా నేను ఆగలేదు. లోపల ఎవరో పిల్ల చిక్కుకుని వాళ్లమ్మను పిలుస్తోందనే అనిపించింది. స్కూటీ తీశాను.

మేడ్చల్ నుంచి షామీర్‌పేట రోడ్డంతా నీళ్లు. ఎదురుగా వచ్చే లారీల లైట్లకు కళ్లు మూసుకుపోతున్నాయి. దారి పొడుగునా ఒకటే ఆలోచన. నిన్న మేం పనిలో ఉన్నప్పుడు ఏ పిల్లన్నా లోపలికి దూరిందా?

గేటు దగ్గర షౌకత్ భాయ్ గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తాళం తీశాడు.

లోపల నిన్నటికంటే చలి. అన్ని ర్యాకుల వెనకా వెతికాం. ఎవరూ లేరు. మా మెషీన్ ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. దానికి కీబోర్డు లేదు. ఫోన్లో చూద్దామంటే ఆ గోడల మధ్య సిగ్నల్ అందలేదు.

అప్పుడు వినిపించింది... ఫ్యాన్ల హోరు కింద, సన్నగా... రేకు మీద గోళ్లతో గీకుతున్నట్టు.

పలకల వెనక.

"మీకు ఇనొస్తుందా భాయ్?"

ఆయన తలూపాడు. ఇద్దరం కలిసి పలకలు జరిపాం. గీకుడు ఆగిపోయింది. వెనక పాతకాలపు మందపాటి తలుపు. దాని మీద రేకు తొడుగు, అడ్డంగా ఇనుప గొళ్లెం.

"ఇదేంది?" అన్నాను గుసగుసగా.

"ఇంకో రూం. కిరాయికి తీసుకున్ననాడే ఓనరు చెప్పిండు, దాని జోలికి పోకు అని. ఎందుకని నేను అడగలే."

"లోపట పిల్ల ఉంటే?"

ఆయన పెదాలు కదిలాయి. ఏదో ప్రార్థన చదువుకుంటున్నాడు. నేను గొళ్లెం ఎత్తాను.

పులిసిన ద్రాక్ష వాసన గుప్పుమంది. ఆ గదిలో ఏసీ లేదు. అయినా నా ఊపిరి ఆవిరై కనిపించింది. ఫోన్ లైటు వేశాను. ఖాళీ. నాలుగు గోడలు, పొడి నేల. ఇంకేమీ లేదు.

"ఎవరు లేరు మేడమ్. పోదాం పాండి."

వెనక్కి తిరుగుతుంటే తలుపు మీద లైటు పడింది. లోపలి వైపు రేకు నున్నగా ఉంది. ఒక్క గీత లేదు. గీతలన్నీ బయటి వైపే ఉన్నాయి. గొళ్లెం కింద, చిన్నపిల్ల చెయ్యి అందే ఎత్తులో. ఎవరో దాన్ని గట్టిగా పట్టుకుని వేలాడినట్టు...

తలుపు అలాగే వదిలేసి బయటికి వచ్చాం. దాన్ని మూయాలన్న ఆలోచనే రాలేదు.

గేటు దగ్గరికి రాగానే ఫోన్‌కు సిగ్నల్ అందింది. తెర తెరుచుకుంది. నేను బయల్దేరినప్పుడు సగంలో ఉన్న మాట పూర్తయి ఉంది.

'అవ్వా తలుపు తియ్యకు.'

దాని కింద 'తియ్యకు'. దొరకలేదు. 'తియ్యకు'. దొరకలేదు. తెర నిండా అదే. అక్షరాలు తడబడుతూ, ఒకదాని మీద ఒకటి పడుతూ...

అన్నిటికంటే కింద ఒక్క మాట. 'తీసిండ్రు.'

షౌకత్ భాయ్ నా భుజం మీదుగా చదివాడు. లోపలికి పరుగెత్తాడు. నేనూ వెనకే వెళ్లాను.

తలుపు మూసి ఉంది. గొళ్లెం వేసి ఉంది.

"మీరేసిన్రా?" అన్నాడు.

"లేదు."

"మంచిదే. ఎవరు మూసినా మంచిదే," అన్నాడు. గొళ్లెం మీద చెయ్యి పెట్టి చూసి, పలకలు మళ్లీ ఆనించాడు. నాకు మాత్రం ధైర్యం రాలేదు. తలుపు మూసింది ఆ గదిలోంచి బయటికి వచ్చినదా, తియ్యొద్దన్న పిల్లా? గొళ్లెం ఉన్నది మా వైపు. వేసినవాళ్లు కూడా మా వైపే ఉండాలి.

తర్వాత తెర మీద ఒక్క అక్షరం పడలేదు. రోజుకు ఎన్నిసార్లు చూసుకున్నానో. ఎదురుచూశానంటే నమ్మరు. ఆ పిల్ల ఇంకోసారి ఏమన్నా చెబితే బాగుండనిపించింది.

జరిగింది బాలరాజన్నకు చెప్పాను. నవ్వలేదు.

"వేరే జాగ దేవులాడు చెల్లె. దొరికేదాంక గాడనే నడువనీ. గుడ్లను గాలికి ఇడువలేం గద," అన్నాడు.

మళ్లీ అందరికీ ఫోన్లు చేశాను. మళ్లీ అవే జవాబులు. నెలాఖరు వచ్చింది. హ్యాచరీ మెషీన్లన్నీ షామీర్‌పేట సర్వర్‌కే కలిపాను. అది చక్కగా పనిచేసింది. వేడి ఎక్కడా తేడా లేదు.

సర్వర్ మారాక మొదటి విడత పిల్లలు బయటపడే రోజు పొద్దున్నే బాలరాజన్న ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"చెల్లె, మెషీన్ల వేడి ఎంత సూపిస్తాంది?"

చూసి చెప్పాను. సరిగ్గా ఉండాల్సినంతే ఉంది.

"ఈడ గూడ గంతే ఉంది. నేను లోపట చెయ్యి పెట్టి సూసిన, ఎచ్చగనే ఉంది."

"మరేమైంది అన్నా?"

"పిల్లలు మంచిగనే ఎల్లినయి. ఒక్కటి సావలే. కానీ అన్ని మెషీన్లల్ల, అన్ని పిల్లలు ఎన్క మూలకు జరిగినయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి వణుకుతున్నయి. ఒక్కటి గూడ అరుస్తలేదు."

ఫోన్లో నిజంగానే చప్పుడు లేదు. వేల పిల్లలున్న గది.

"అన్నీ ఒక్క దిక్కే సూస్తున్నయి చెల్లె," అన్నాడు బాలరాజన్న. "నా ఎన్కకు."