నిలువుటద్దం బేరం

మంగళవారం మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... ఆకాశం ఉన్నట్టుండి నల్లబడింది. పట్టపగలు ఎక్కడో గుడ్లగూబ కూసింది!

పిన్ని సంచి సర్దుతోంది. నాలుగు గంటల రైలుకు అక్క కూతురు కొత్త ఉద్యోగానికి వెళ్ళిపోతోంది. బట్టలు, తువ్వాలు, జ్వరం మాత్రలు... అన్నీ పెట్టి, మళ్ళీ తీసి, మూడోసారి సర్దింది. సంచి నిండితే పిల్ల వెళ్ళిపోతుందని భయం.

గదిలో మిగిలింది నిలువుటద్దం ఒక్కటే. చిన్నప్పటి నుంచీ అమ్మాయి తల దువ్వుకున్న అద్దం. ఐదు వేలకు ఫోన్లో అమ్మకానికి పెట్టింది. వారం రోజులుగా ఒకడే పీడిస్తున్నాడు. "లాస్ట్ ఎంత?" "ఇంకో ఫొటో పెట్టండి." "మీరు పక్కన నిలబడండి." "తుడవకండి, అలాగే కావాలి." అమ్మాయి నవ్వి ఊరుకుంది.

వాడు రానే వచ్చాడు. ఎర్రటి కళ్ళు, మాసిన గడ్డం, భుజాన కూరల సంచి. ఆ సంచిలో... కపాలం! ఏళ్ళ తరబడి ఒకే స్త్రీ చూసుకున్న అద్దంలో ఆమె ప్రాణచ్ఛాయ నిలిచి ఉంటుంది. దాన్ని బంధిస్తే ఆమె బతికినంత కాలం బానిస! అంతటి ఘోర విద్య నేర్చిన ఆ మాంత్రికుడు గుమ్మంలోనే వేలితో అద్దం అంచు తడిమాడు.

"గీత ఉందమ్మా. మూడు వేలిస్తా."

"ఫొటోలో కనబడుతూనే ఉంది కదండీ!"

"పోనీ, మూడు వేల రెండొందలు. కాదంటే మీకు ఒక్క స్టారే పెడతా."

"ఇచ్చెయ్యవే తల్లీ, పీడా పోతుంది" అంది పిన్ని.

వెనక వీధిలో వాడి అద్దె గది. కిటికీలకు పాత కాగితాలు. అద్దం చుట్టూ బూడిద గీసి, ఎదురుగా కపాలం నిలిపి, వాడు మంత్రోచ్చారణ మొదలుపెట్టాడు. పిడుగు పడింది!

ఇక్కడ గుమ్మం దాటబోతున్న అమ్మాయి కొయ్యబారింది. కళ్ళు తెల్లబడ్డాయి. నోట్లోంచి మగగొంతు... "వస్తున్నాను స్వామీ!" వెనక వీధి వైపు కాళ్ళీడుస్తూ నడిచింది.

"నా పిల్లని వదలరా, నీ చేతులు విరగ!" పిన్ని ఆమె నడుము పట్టుకుని అరిచింది.

అక్కడ కపాలం దవడ కదిలింది.

"ఎంతకు కొన్నావు?"

"ఐదు వేలన్నారు తల్లీ... మూడు వేల రెండొందలకు దించాను!" వాడి మొహం గర్వంతో వెలిగింది. ఛీ!

"ప్రయోగ ద్రవ్యాన్ని చెప్పిన ధరకే కొనాలి. బేరమాడితే అందులోని ఛాయ అమ్మిన మనిషి వెంటే పోతుంది. మీ గురువు చెప్పలేదా?"

"మొదటి రోజే చెప్పాడు... కానీ గీత ఉంది కదా అని..."

"నన్ను లేపావు. ఒక ప్రాణం కావాలి. ఆ పిల్లది నీది కాదు. మరి ఇక్కడున్నది ఎవరిది?"

వాడు వెనక్కి జరిగాడు. అయినా అలవాటు పోతుందా!

"సగం తీసుకో తల్లీ!"

"బేరాల్లేవు!!"

అద్దంలోంచి నల్లని చేతులు రెండు చాచుకొచ్చాయి. ఒక్క కేక... అంతే!

గుమ్మం బయట అమ్మాయి కుప్పకూలింది. కాసేపటికి తన గొంతుతోనే అడిగింది. "పిన్నీ, టైమెంతయింది?"

రైలు అందింది. పై ఆదివారమే వచ్చి పిన్నిని చూసి వెళ్ళింది. వెనక వీధిలో ఇంటాయన తలుపు పగలగొడితే అద్దం, కూరల సంచి, ఒక జత చెప్పులు కనబడ్డాయి. అద్దం కొన్నవాడు ఆ మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు పోయాడు. మళ్ళీ రాలేదు.