కోడలి క్లాసులో శాంతి కుమార్

ఎస్తర్ రెండు టిఫిన్ డబ్బాలు సర్ది వంటింటి గట్టు మీద పెట్టింది. ఒకటి భర్త శాంతి కుమార్‌ది, రెండోది కోడలు ఆశది. బోధన్‌లో ఇద్దరిదీ ఒకే ఆసుపత్రి, ఒకే ఎక్స్‌రే గది. ఆశ ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది అయింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి మామ స్కూటర్ వెనకే కూర్చుని పోయేది. వాళ్ళుండే శక్కర్‌నగర్‌లో వాళ్ళిద్దరినీ చూసి తండ్రీకూతుళ్ళనుకున్నవాళ్ళు చాలామంది.

ఆ ఉదయం ఆశ జడ వేసుకుని బయటికి వచ్చేసరికి వాకిట్లో స్కూటర్ లేదు.

"మామ పోయిండ్రా అత్తమ్మా?"

"డబ్బా గీడనే ఉన్నది, యాడికి పోతడు?" అంటూ ఎస్తర్ తలుపు దాకా వచ్చి చూసింది. "అయ్యో, నిజంగనే పోయిండు! నీకు జెప్పలేదా?"

ఆశ తల అడ్డంగా ఊపింది. ఆమె భర్త అరుణ్ నిజామాబాద్‌లో బ్యాటరీల దుకాణంలో పనిచేస్తాడు. బస్సు కోసం చెప్పులు వేసుకుంటున్నవాడు ఆగాడు.

"నిన్న పొద్దుగూకినప్పటి సంది బాపు మాట్లాడుత లేడు. ఏమైంది ఆశా?"

"ఏం గాలె. నేను ఆటోల పోత," అని ఆమె రెండు డబ్బాలూ సంచిలో పెట్టుకుంది. ఏమైందో ఆమెకు బాగానే తెలుసు.

జిల్లాలో ఎక్కడా కనబడని ఫిల్ముల పద్ధతి ఆ చిన్న ఆసుపత్రిలో మాత్రం ఇంకా నడుస్తోంది. ఎక్స్‌రే తీశాక ఫిల్మును చీకటిగదిలో మందునీళ్ళ తొట్లలో ముంచి, కడిగి, ఆరబెట్టాలి. ఇంటర్ తప్పిన వయసులో హెల్పర్‌గా చేరిన శాంతి కుమార్, అప్పటి టెక్నీషియన్ పక్కన నిలబడి ఆ పని నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ చీకటిగది అతని రాజ్యం. ఇప్పుడు ఆసుపత్రి నడిపే డాక్టర్ జ్యోతిరాణి కొత్త డిజిటల్ యంత్రం తెప్పించింది. ముందురోజు సాయంత్రం అందరినీ పిలిచి చెప్పింది.

"చీకటిగది మూసేస్తున్నం. రోజూ మధ్యాహ్నం క్లాసు ఉంటది, చివర్ల పరీక్ష. పాసైనోళ్ళే కొత్త మిషను మీద పనిచేస్తరు. కానోళ్ళు టోకెన్ల కిటికీ దగ్గర కూసుంటరు."

అంతవరకూ శాంతి కుమార్ తలూపుతూనే ఉన్నాడు. "క్లాసు చెప్పేది మన ఆశ. హైదరాబాద్‌ల ఈ డిగ్రీనే చదివింది గద," అని డాక్టరమ్మ అనగానే ఆ తల ఆగిపోయింది. ఈ సంగతి ఆశకు ముందే తెలుసు. ఇంట్లో ఎట్లా చెప్పాలో తోచక దాటవేస్తూ వచ్చింది. ఆ విషయం కూడా అతనికి అక్కడే అర్థమైంది.

మొదటి రోజు క్లాసుకు నర్సు సుమన వచ్చింది, హెల్పర్ భూమన్న వచ్చాడు, మరికొందరు వచ్చారు. ముందు వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. క్లాసు అయ్యాక ఆశ చీకటిగది తలుపు తట్టింది.

"మామా, డబ్బా మరిచిపోయి వచ్చిండ్రు."

"ఆడ పెట్టు."

"క్లాసుకు..."

"నాకు పనున్నది."

పనేమీ లేదు. తొట్లలో నీళ్ళు కూడా లేవు. ఖాళీ తొట్టిని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు ఆయన. ఆశ డబ్బా పెట్టి వచ్చేసింది.

వారమంతా అదే తీరు. ఇంట్లో ఆమె వడ్డించబోతే "ఆకలి లేదు" అనేవాడు. ఆమె గదిలోకి పోయాక వచ్చి తినేవాడు. ఎస్తర్‌కు మెల్లగా సంగతి తెలిసింది కానీ, ఎవరి పక్క మాట్లాడినా రెండోవాళ్ళు నొచ్చుకుంటారని నోరు మూసుకుంది. ఆమెకు నోరు మూసుకోవడం అన్నిటికన్నా కష్టమైన పని.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఆశ తండ్రి పాల్ రాజ్ గడపలో కూర్చుని ఉన్నాడు. నవీపేట్ నుంచి సంచి నిండా మక్క కంకులు మోసుకొచ్చాడు. వ్యవసాయం చేసే మనిషి, గొంతు పెద్దది, మనసులో ఏదీ దాగదు. ఎస్తర్ బగారన్నం, కోడికూర చేసింది. అందరూ చాప మీద కూర్చున్నారు. రెండు ముద్దలు తినగానే పాల్ రాజ్ వియ్యంకుడి భుజం చరిచాడు.

"బావా, మా చర్చిల అందరికి జెప్పిన! నా బిడ్డ ఇప్పుడు ఉత్త టెక్నీషియన్ గాదు, టీచరమ్మ అని. మా బావ గూడ ఆమె దగ్గరనే సదువుకుంటుండని!"

అరుణ్‌కు పొలమారింది. ఆశ చేతిలో నీళ్ళ చెంబు అట్లాగే ఉండిపోయింది.

శాంతి కుమార్ కంచం పక్కకు జరిపాడు. "మంచిగ చాటినవ్ బావా. అయితె ఇది గూడ చాటు. రేపటి సంది నేను నౌకరికి పోత లేను."

"ఏమన్న బావా? నేనేం తప్పన్న?" పాల్ రాజ్ అందరి మొహాలూ చూశాడు.

"మీరెందుకు మానాలె మామా?" ఆశ చెంబు కింద పెట్టింది. "నేనే మానేస్త. నిజామాబాద్‌ల ఇంకో దవాఖానల అడిగిన. రమ్మన్నరు."

ఎస్తర్ గరిటెను గిన్నెలో ఠంగుమని పడేసింది. "మానుండ్రి. ఇద్దరు మానుండ్రి! ఆ కొత్త మిషను కాడికి నేను పోత. బటన్లు ఒత్తుడే గద, మిక్సీ తిప్పుత లేనా?"

పాల్ రాజ్ పక్కున నవ్వి, ఇంకెవరూ నవ్వకపోవడం చూసి ఆపుకున్నాడు.

"నవ్వులాట గాదు ఎస్తరూ," అన్నాడు శాంతి కుమార్.

"నేనేమన్న నవ్వుతున్ననా? కోడలి దగ్గర నేర్చుకుంటె నీ మీసం వంగుతదా?"

"మీసం సంగతి గాదే!" ఆయన అరిచాడు. ఆ ఇంట్లో అంత గొంతు ఎన్నడూ వినబడలేదు. మరుక్షణమే అది తగ్గిపోయింది. "తలుపు సందుల కెళ్ళి సూసిన. బోర్డు మీద అంత ఇంగ్లీషే. ఒక్క ముక్క అర్థం గాలె. నాకు ఇంగ్లీషే వస్తె ఇంటర్ల రెండుమాట్ల ఎందుకు తప్పుత? పరాయి పంతులు ముంగట ఫెయిలైతె ఇంటికొచ్చి పండుకుంట. ఈ బిడ్డ ముంగట ఫెయిలైతె యాడికి పోవాలె? ఇంటికే గద రావాలె? రోజు ఈ పిల్ల చేతి అన్నమే గద తినాలె?"

ఆశ వారం రోజులుగా మామకు తన మీద కోపమనుకుంది. ఆయన క్లాసు బయట నిలబడి, తలుపు సందులోంచి తన బోర్డు చదవడానికి తంటాలు పడ్డాడని ఊహించనేలేదు. ఆమె కళ్ళు నిండాయి.

ఎస్తర్ భర్త పక్కకు జరిగి కూర్చుంది. ఇప్పుడామె గొంతులో ఎగతాళి లేదు.

"నాకు సదువెవరు జెప్పిండ్రయ్యా? లగ్గమై వచ్చిన్నాడు నాకు అఆలు గూడ రావు. చర్చిల పాటల పుస్తకం తలకిందులు పట్టుకున్ననని మీ అక్కలు నవ్విండ్రు. నువ్వు పొయ్యి కాడ కూసోని, బొగ్గుతోని బండ మీద రాసి నేర్పినవ్. నేను ఎన్నిమాట్ల తప్పు సదివిన, నువ్వు ఒక్కనాడన్న నవ్వినవా? మరి ఈ పిల్ల నిన్ను జూసి నవ్వుతదని ఎట్లనుకున్నవ్?"

శాంతి కుమార్ తల వంచుకున్నాడు.

"తప్పు నాదే మామా," ఆశ కళ్ళు తుడుచుకుంది. "ముందే మీకు జెప్పాల్సింది, భయపడ్డ. కాలేజిల నాకెట్ల జెప్పిండ్రో నేను గట్లనే జెప్తున్న. సుమనక్క తలూపుతది గని పుస్తకంల ఏం రాస్త లేదు. భూమన్న కిటికీల కెళ్ళి బయటికి సూస్తడు. రేపటి సంది తెలుగుల జెప్త. మీకు అందరి నడుమ ఇబ్బందైతె, రోజూ పొద్దుగూకినంక ఇంట్లనే మనిద్దరం కూసుందాం. ఎవ్వరికి తెల్వది."

ఆయన తలెత్తాడు. "వద్దు బిడ్డా. ఇంట్ల దాసుకోని నేర్చుకుంటె, ఆడ గూడ దాసుకోనే పనిజెయ్యాలె. నేర్చుకుంటె అందరి నడుమనే నేర్చుకుంట." తర్వాత వియ్యంకుడి వైపు తిరిగాడు. "బావా, ఊరంత చాటినవ్. నేను ఫెయిలైతె జవాబు నువ్వే జెప్పుకోవాలె."

"పాసైతె?"

"పాసైతె కోడిని కోస్త."

"నీదా, నాదా?" అన్నాడు పాల్ రాజ్. ఈసారి అందరూ నవ్వారు. శాంతి కుమార్ కంచం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

సోమవారం స్కూటర్ మీద ఇద్దరూ పోయారు. మధ్యాహ్నం ఆయన ముందు వరుసలో ఆ ఖాళీ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆశ హాజరు పిలవడం మొదలుపెట్టింది. సుమన, భూమన్న... తర్వాతి పేరు దగ్గర ఆమె గొంతు ఆగిపోయింది. మామ పేరు పెట్టి ఎట్లా పిలుస్తుంది? చెవులు ఎర్రబడ్డాయి. గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు.

శాంతి కుమార్ లేచి నిలబడ్డాడు. "శాంతి కుమార్ హాజరున్నడు మేడం," అన్నాడు గట్టిగా.

ముందు భూమన్న నవ్వాడు, తర్వాత సుమన, తర్వాత ఆశ. అందరికన్నా ఎక్కువగా నవ్వింది శాంతి కుమారే. ఆ రోజు నుంచి క్లాసు తెలుగులో నడిచింది. అర్థం కాకపోతే అడగడానికి అందరికీ ధైర్యం వచ్చింది. ఎందుకంటే అందరికన్నా ముందు చెయ్యెత్తేది ఆయనే.

చదువేమీ సులువుగా రాలేదు. మౌస్ ఆయన చేతిలో ఎలుకలాగానే ఉరికేది. ఒకసారి దెబ్బ తగిలిన భూమన్న చేతికి ఎక్స్‌రే తీసి, తెర మీద ఏదో నొక్కేసరికి అది మాయమైపోయింది. "నా చెయ్యి యాడికి పోయిందన్నా?" అని భూమన్న లబోదిబోమన్నాడు. ఇంట్లో అరుణ్ రోజూ ఇంగ్లీషు మాటలు అడిగేవాడు, తండ్రి స్నానాల గదిలోంచి జవాబు చెప్పేవాడు. చిన్నపిల్లలకు కిరణాలు ఎంత తక్కువ వాడవచ్చో, బొమ్మ చెడిపోయి మళ్ళీ తీయాల్సిన అవసరం ఎట్లా తగ్గుతుందో తెలిసిన రోజున ఆయన స్కూటర్ మీద దారంతా అదే మాట్లాడాడు.

పరీక్ష కాగితాలు తాను దిద్దనని ఆశ పట్టుబట్టింది. డాక్టర్ జ్యోతిరాణే దిద్దింది. సుమన మొదట నిలిచింది. శాంతి కుమార్ మొదటా కాదు, చివరా కాదు, నడుమ ఎక్కడో నిలిచి పాసయ్యాడు. ఆయన వరండాలోకి పోయి ముందు ఎస్తర్‌కు ఫోన్ చేశాడు. "పాసైన్నే," అన్నాడు. అవతల ఎస్తర్ ఏడుస్తూ, నవ్వుతూ, పక్కింటివాళ్ళను పిలుస్తూ ఉంది. పాల్ రాజ్ ఆనాటి మాట గుర్తుపెట్టుకుని కోడిని తానే తెచ్చాడు.

ఆ భోజనాల దగ్గరే ఆశ ఇంకో కబురు చెప్పింది. ఆసుపత్రికి సీటీ స్కాను కూడా వస్తోంది. దాని శిక్షణకు డాక్టరమ్మ ఆమెను హైదరాబాద్ పంపుతానంటోంది, కొన్ని నెలల పాటు. "నేను పోనన్న. ఇల్లు విడిచి అన్ని రోజులు ఎట్లుంట? ఈడ కొత్తగ చేరిన హెల్పర్లకు క్లాసు ఎవరు జెప్తరు?"

అరుణ్ ఏదో అనబోయాడు. శాంతి కుమార్ ముందే అందుకున్నాడు.

"ఇంటికి మీ అత్తమ్మ ఉన్నది. అరుణ్ ఆదివారం ఆదివారం నీ కాడికొస్తడు. క్లాసు నేను జెప్త."

"మీరా మామా?"

"నువ్వు జెప్పిందే జెప్త. సదువుకునే వయసుల నువ్వు ఆగొద్దు బిడ్డా. నేను ఈ వయసుల గూడ ఆగలే."

ఆశ కంచం ముందు కూర్చునే ఏడ్చేసింది. ఎస్తర్ కొంగుతో ఆమె మొహం తుడిచి, కూర ఇంకొంచెం వేసింది.

ఆమె ప్రయాణమైన రోజు అరుణ్ కూడా తోడు పోయాడు. బోధన్ బస్టాండులో బస్సు మలుపు తిరిగేదాకా అత్తామామలు చెయ్యి ఊపుతూ నిలబడ్డారు. తర్వాత ఎండ పడుతున్న ఒక బెంచీ మీద కూర్చుండిపోయారు.

"ఏడుస్తున్నవా?" అంది ఎస్తర్.

"లేదు. రేపు క్లాసుల ఏం జెప్పాల్నో ఆలోచిస్తున్న."

"అయితె ముందుగాల నాకు జెప్పు. ముప్పై ఏండ్ల సంది ఆ గదిల ఏం జేస్తవో నాకెన్నడు జెప్పలే."

ఆయన ఆమె వైపు ఆశ్చర్యంగా చూశాడు. నిజమే, ఎన్నడూ చెప్పలేదు. ఆమె చెయ్యి పట్టుకుని ఎండలోకి చాపాడు. గచ్చు మీద చేతి నీడ పడింది.

"నీడ సూడు. అంచులు మసక మసకగ లేవా? ఇప్పుడు చెయ్యి కిందికి దించు. ఇంక దించు. గచ్చుకు దగ్గరైన కొద్ది అంచులు ఎట్ల తేరుకున్నయో సూసినవా? ఎక్స్‌రే గూడ గంతే. విరిగిన చెయ్యిని బొమ్మ పడే పలకకు ఎంత దగ్గర ఆనిస్తె, బొక్క అంత సాఫుగ కనబడ్తది."

ఎస్తర్ వంగి, చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తూ చూసింది. "గింతేనా? నాకు గూడ సమజైంది గద!"

"ఇంక శాన ఉన్నది, ఇను."

పక్క బెంచీ మీద, మహారాష్ట్రలోని ధర్మాబాద్ పోయే బస్సు కోసం కూర్చున్న ఒక మరాఠీ ముసలమ్మ అప్పటిదాకా వాళ్ళనే చూస్తోంది. భాష అర్థమైందో లేదో కానీ, మెల్లగా తన గాజుల చెయ్యి కూడా ఎండలోకి చాపింది. శాంతి కుమార్ నవ్వి, బెంచీ మీద కొంచెం జరిగి ఆమెకు చోటిచ్చి, పాఠం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.