మేడమీది గొట్టం

"శాస్త్రవేత్త పదింటికి స్కానింగ్‌కి వస్తుంది. ఆవిణ్ణి అక్కడే చంపేస్తారు," అన్నాడు చీఫ్. "ప్రమాదంలా కనిపించాలని వాళ్ళ ప్లాన్."

హీలియంను చవగ్గా తీసే పద్ధతి ఆవిడ బుర్రలోనే ఉంది. ఇంకా కాగితం మీదికి ఎక్కలేదు. అది బయటికొస్తే కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలూ ఆసుపత్రులూ హీలియంనంతా గుప్పెట్లో పెట్టుకున్న ఆ విదేశీ ముఠా గుమ్మం ముందు పడిగాపులు పడక్కర్లేదు.

ఏజెంట్ హీలియం నింపే టెక్నీషియన్ వేషం వేశాడు. మెడలో ఐడీ కార్డులా వేలాడేది ఆక్సిజన్ మీటర్. మూసిన గదంటే అతనికి చిన్నప్పట్నుంచీ హడల్. ఆ సంగతి చీఫ్‌కి చెప్పలేదు.

స్కానర్ అయస్కాంతాన్ని చల్లగా ఉంచేది ద్రవ హీలియం. అది ఒక్కసారిగా ఆవిరైతే గొట్టంలోంచి మేడమీదికి పోవాలి. అందుకే ఈ పనివాళ్ళు ముందు పైకెళ్ళి గొట్టం మూతి చూసుకుంటారు.

"చలికోటు తెచ్చారా?" అంది స్కానింగ్ చేసే అందగత్తె. కోడ్ వర్డ్ సరిపోయింది. మన మనిషే.

"రెండు తెచ్చాను. గొట్టం చూసొస్తా."

"నేను చూసేశాను లెండి. నాలుగంతస్తులు ఎందుకెక్కడం?" నవ్విందామె. ఆ నవ్వుకి ఏజెంట్ బోల్తా పడ్డాడు.

శాస్త్రవేత్త బల్ల మీద పడుకోగానే, ఏజెంట్ ఇంకా లోపలుండగానే, గది తలుపు మూసుకుంది. అద్దం అవతల అందగత్తె హీలియంనంతా ఒక్కసారిగా ఆవిరి చేసే ఎర్ర బటన్ నొక్కింది.

గది దద్దరిల్లింది. కప్పు కింద తెల్లటి పొగ కమ్ముకుంది. మేడమీద గొట్టం మూతి బిగించేసిందన్నమాట! మీటర్ కీచుమంది. ఆక్సిజన్ పదిహేడు శాతం. మామూలుగా ఇరవై ఒకటి ఉండాలి. తలుపు లోపలికి తెరుచుకునే రకం. ఆ ఒత్తిడికి అంగుళం కదల్లేదు.

"తలుపు తియ్!" అని అరిచాడు. పిట్టగొంతు వచ్చింది. హీలియం తన ఊపిరితిత్తుల్లోకి చేరిపోయిందని అర్థమై ఏజెంట్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. మూలకి నక్కి కూర్చున్నాడు. పధ్నాలుగు శాతం.

"ఏడవడానికి టైం లేదు బాబూ!" శాస్త్రవేత్త కూడా పిట్టగొంతుతోనే కసిరింది. అప్పటికే నేలమీదికి దిగిపోయింది. "హీలియం పైకి పోతుంది. మోకాళ్ళమీదే ఉండి స్టూలుతో అద్దం పగలగొట్టు!"

మొదటి దెబ్బకి ఏమీ కాలేదు. రెండో దెబ్బకి గీత పడింది. పదకొండు శాతం. కళ్ళు బైర్లు కమ్మాయి. మూడో దెబ్బకి అద్దం భళ్ళుమంది. పొగంతా అవతలి గదిలోకి తన్నుకుపోయింది, తలుపు తెరుచుకుంది.

అందగత్తె పిస్టల్ ఎత్తింది. "కదిలితే కాల్చేస్తా!" అదీ పిట్టగొంతే. తన గొంతుకి తనే ఉలిక్కిపడింది. ఆ ఒక్క క్షణంలో ఏజెంట్ విసిరిన స్టూలు ఆమె చేతికి తగిలి పిస్టల్ ఎగిరిపడింది.

సాయంత్రం భార్య ఫోన్ చేసింది. "ఏమండీ, పాప పుట్టినరోజుకి పైకెగిరే బెలూన్లు తెస్తారా?"

ఏజెంట్ మెడలోని మీటర్ తీసి పక్కన పెట్టాడు.

"ఎన్ని కావాలంటే అన్ని తెస్తా," అన్నాడు. "కాకపోతే ఎగరవు. నోటితోనే ఊదుతాను."