కొట్టేసిన చెల్లెలు

మా మైపాడు స్కూలు వార్షికోత్సవానికి నాటకం రాసింది నేనే. తెలుగు టీచర్ని కదా, తప్పించుకోలేను. పిల్లలు తరతరాలుగా చదువుకుంటున్న ఒక నవలనే నాటకంగా మార్చాను. పడవ నడిపే ఒక అమ్మాయి, ఆమె చెల్లెలు, సముద్రం. మూడొందల పేజీలను నలభై నిమిషాలకు కుదించమంటే ఎవరో ఒకరి మీద వేటు పడక తప్పదు. చెల్లెలు ఊరికే అక్క వెంట తిరుగుతుంది, అంతే. ఎర్ర పెన్ను తీసుకుని ఆ పిల్ల మాటలన్నీ కొట్టేశాను. పీడా పోయిందనుకున్నాను కూడా.

పడవ అమ్మాయి వేషం మా మెర్లిన్‌ది. నాకు ఒక్కగానొక్క కూతురు, పదేళ్లది. రిహార్సల్స్‌లో దాన్ని ఏడిపించాను. నాకు కోపం ఎక్కువ, దాచుకోవడమెందుకు? "మాట మర్చిపోతే తెర పక్కనుంచి నేను అందిస్తా. ఏ మాట వినబడితే ఆ మాట గట్టిగా అనెయ్. ఆలోచించబాక," అని వందసార్లు చెప్పాను.

సాయంత్రం ఆరున్నరకి నాటకం మొదలైంది. సముద్రపు గాలికి తెర ఊగుతోంది. దూరంగా రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల చప్పుడు. కుడి పక్కన కాగితాలతో నేను, ఎడమ పక్కన తెర తాడు పట్టుకుని డ్రిల్లు మాస్టారు సంజీవరావు గారు. రెండో రంగంలో మెర్లిన్ మాట మర్చిపోయి ఆగింది. నేను నోరు తెరిచేలోగా తడిసిన పాత కాగితం వాసన గుప్పుమంది. ఎడమ పక్కనుంచి సన్నటి గొంతు...

"టీచరమ్మా, నన్నెందుకు కొట్టేసినారు?"

మెర్లిన్ నా వైపు తిరిగి ఆ మాటే గట్టిగా అంది.

ముందు వరసలో ఎవరో తల్లి, "అయ్యో, బిడ్డని కొట్టినట్టుందే!" అని గొణిగింది. ఏ కొట్టడమో నాకు తెలుసు. సంజీవరావు గారి వైపు చూశాను. ఆయన మొహం పాలిపోయి ఉంది. ఆయన పక్కన ఎవరూ లేరు.

"మెర్లిన్, ఇటు చూడు," గుసగుసగా పిలిచాను.

"మెర్లిన్, ఇటు చూడు!" అని అది జనానికేసి అరిచింది.

"అమ్మని... నేను అమ్మని..."

"అమ్మని! నేను అమ్మని!"

జనం నవ్వారు. మళ్లీ ఆ గొంతు... ఈసారి దగ్గరగా.

"నా బదులు దీన్ని కొట్టేస్తా."

మెర్లిన్ తన గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆ మాట కూడా అనేసింది.

తెర వేయించి, బిడ్డని ఎత్తుకుని ఇంటికొచ్చేశాను.

"ఆకలేస్తుందా అమ్మా?" అన్నాను.

"ఆకలేస్తుందా అమ్మా?" అంది.

మూడు నెలలైంది. నెల్లూరులో డాక్టర్లకి చూపించాను, పాస్టరుగారి ప్రార్థనలయ్యాయి. ఎవరైనా అన్న మాట తిరిగి అంటుంది, లేకపోతే లేదు. నా కూతురికి సొంత మాట ఒక్కటి మిగల్లేదు. అంతా నా నోటి చలవే.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక పట్టుదలగా నోరు మూసుకున్నాను. ఎవరూ ఏమీ అనకపోతే, తనంతట తనే ఏదో ఒకటి అంటుందని ఆశ. "అమ్మా" అంటే చాలు. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఇంట్లో మేమిద్దరమే. మంచం మీద కళ్లు మూసుకుని చెవులు రిక్కించాను.

చాలాసేపటికి పక్క గదిలోంచి మెర్లిన్ గొంతు. స్టేజీ మీద పలికినట్టు, గట్టిగా...

"మీ అమ్మ నిద్రపోయిందా?"

కాస్త ఆగి...

"అయితే దా, జడేస్తా."

పరిగెత్తాను. మెర్లిన్ ఒక్కతే గోడకేసి తిరిగి కూర్చుని ఉంది. పొద్దున నేను వేసిన ఒంటి జడ విప్పేసి ఉంది. ఒక పక్క కొత్త జడ పూర్తయింది, తడి తడిగా. రెండో పక్క పాయలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి... నెమ్మదిగా... వాటంతట అవే.

నన్ను చూసి కూడా ఆగలేదు.