పెద్దల కాలనీపై ఒక అభ్యంతరం

"ఇందులో పెద్దవాళ్లెక్కడండీ?"

ప్రశ్న రివ్యూ కమిటీ టేబుల్ వెనక నుంచి వచ్చింది. ఆర్కిటెక్ట్ చేతిలో లేజర్ పాయింటర్ ఉంది, మొహం మీద చిరునవ్వు ఉంది. రిటైరైనవాళ్ల కోసం కట్టబోయే కాలనీ అది. అతను సొంతంగా గీసిన మొదటి డిజైన్.

"ఎక్కడేంటండీ? అంతా వాళ్ల కోసమే కదా."

"నమూనాలో ఒకడు పరిగెడుతున్నాడు. ఒకడు సైకిల్ తొక్కుతున్నాడు. ఒకమ్మాయి స్కేటింగ్ చేస్తోంది. పెద్దవాళ్లు మాత్రం కనపడటం లేదు."

నిజమే. బొమ్మల షాపులో కుర్రకారు బొమ్మలే దొరికాయి. ఎవరు చూస్తారులే అని వాటినే అంటించేశాడు.

చూసినామె ప్లానింగ్ ఆఫీసులో రివ్యూ ఆఫీసర్. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, మనిషిని కూడా ప్లాన్ లాగే పై నుంచి కిందికి పరిశీలించే అలవాటు ఆమెకి.

"బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటోంది. లోపల ఎవరైనా జారిపడితే తలుపుకి వాళ్లే అడ్డం. బయటివాళ్లు ఎలా తీస్తారు?"

చిరునవ్వు ఎటో పోయింది. పాయింటర్ మిగిలింది. దాని ఎర్రచుక్క చైర్మన్‌గారి బట్టతల మీద వణుకుతోంది.

తర్వాత ఇరుగుపొరుగు అభ్యంతరాల వంతు. ముందుగా లేచింది బామ్మ. ఎవరి బామ్మో కాదు, ఆర్కిటెక్ట్‌ని పెంచి పెద్దచేసిన సొంత బామ్మ. పొద్దున ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారు.

"ముసలివాళ్లు దగ్గుతారు. తెల్లారకముందే లేచి అందరి విషయాలూ ఆరా తీస్తారు. అలాంటివాళ్లని తెచ్చి మా పక్కన పెడితే మా వీధి ఏం కావాలి?"

చప్పట్లు మారుమోగాయి. ఆ వీధిలో అరవై దాటనివి వీధిదీపాలొక్కటే.

"బామ్మా, నువ్వు నా పక్షం కాదా?" అన్నాడు ఆటోలో తిరిగి వెళ్తూ.

"ఇంట్లో నీ పక్షమే. వీధిలో వీధి పక్షం."

ప్లాన్ సవరించి తెమ్మని కమిటీ గడువిచ్చింది. అతను తలుపు మార్చి తీసుకెళ్లాడు. ఆమె ర్యాంప్ నిటారుగా ఉందంది. ర్యాంప్ మార్చాడు. గదుల నుంచి భోజనాల హాలు దూరమంది. దాన్ని దగ్గరికి జరిపాడు. తిట్టుకుంటూ గీసిన ప్రతిసారీ డిజైన్ బాగుపడుతోంది. అదే అతనికి మంటగా ఉండేది. మెల్లగా ఆ మంట ఇంకో రకంగా మారింది. అవసరం లేకపోయినా ఆఫీసుకి వెళ్లసాగాడు.

"మేడమ్, గుమ్మం ఎత్తు గురించి చిన్న డౌట్."

"నిన్ననే తీరింది కదా?"

"రాత్రి మళ్లీ వచ్చింది."

"ఇలాగైతే పెద్దవాళ్ల సంగతి అటుంచి, ఆ కాలనీలోకి ముందు మీరే చేరేలా ఉన్నారు," అంది. డౌట్ మాత్రం మళ్లీ తీర్చింది.

ఫైనల్ మీటింగ్‌కి ముందురోజు ఆమె స్థలం చూడటానికొచ్చింది. ఉన్నట్టుండి వాన. అతను చొక్కా విప్పినంత పని చేసి ప్లాన్ చుట్టని కప్పాడు. ఆమె నిలువునా తడుస్తూ చూసింది.

"కాగితం మీదున్న శ్రద్ధ మనిషి మీద లేదన్నమాట."

"మనిషి మీద కూడా ఉంది. చెప్పే ధైర్యం లేక కాగితం పట్టుకున్నా," అన్నాడు. అనేశాక తనే బిత్తరపోయాడు. "మీరంటే నాకు ఇష్టమండీ."

ఆమె కళ్లజోడు తీసింది.

"రేపు మీటింగ్‌లో చెప్తాను," అంది ఆమె.

"మీటింగ్‌లోనా? అంతమంది ముందా?"

"అక్కడే చెప్పాలి," అని తడి కళ్లజోడు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఫైల్ పాసయితే ఔనని, లేకపోతే కాదని అర్థం చేసుకున్నాడు మహానుభావుడు. ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

ఓటింగ్‌కి ముందు చైర్మన్ ఒక ప్రశ్న అడగాలి, దరఖాస్తుదారుడితో కమిటీలో ఎవరికైనా సంబంధం ఉందా అని. ఉన్నవాళ్లు తప్పుకోవాలి. ఇన్నేళ్లలో ఉందని చెప్పినవాళ్లు లేరు. అదొక దగ్గు లాంటిది, దగ్గి ముందుకెళ్తారు.

"లేదు," అన్నాడు వార్డు సభ్యుడు నిమ్మకు నీరెత్తినట్టు. కాలనీకి ఆ స్థలం అమ్ముతున్నది ఆయన బావమరిది. వెనక వరుసలో ఆ బావమరిది కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"ఉంది," అంది రివ్యూ ఆఫీసర్.

చైర్మన్ వినకుండానే తల ఊపేసి, తర్వాత ఆగాడు. "ఏమున్నది?"

"ఈ ఆర్కిటెక్ట్ నన్ను ఇష్టపడుతున్నానన్నారు. నేనూ ఇష్టపడుతున్నాను. అందుకని తప్పుకుంటున్నాను. రాసుకోండి."

హాలంతా నోరెళ్లబెట్టింది. మినిట్స్ రాసే గుమాస్తా, "ఇష్టపడటం ఎప్పటి నుంచి మేడమ్?" అని వినయంగా అడిగాడు.

"ప్రభుత్వ ఆఫీసులో ఇదేం చోద్యం? నీతీ నియమం ఉండక్కర్లేదా?" అని వార్డు సభ్యుడు బల్ల గుద్దాడు.

బామ్మ లేచింది. "నీ బావమరిది తాళాల చప్పుడుకి నీ నీతి నాకు సరిగ్గా వినపడలేదు నాయనా. మళ్లీ చెప్పు."

తాళాల చప్పుడు ఆగింది. వార్డు సభ్యుడు మంచినీళ్లు అడిగాడు. చైర్మన్ ఓటింగ్ ఆపేసి ఫైల్‌ని పై ఆఫీసుకి పంపమన్నాడు. పై ఆఫీసుకి వెళ్లిన ఫైళ్లు తిరిగొచ్చేసరికి కడదామనుకున్నవాళ్లే రిటైరవుతారని ప్రతీతి.

ఆర్కిటెక్ట్ బయటి వరండాలో ఆమెని పట్టుకున్నాడు. మొహంలో సంతోషం, ఏడుపు కలిసిపోయి ఉన్నాయి.

"అరగంట ఊరుకుంటే పాసయిపోయేది కదా."

"అయిపోయేది. మంచి డిజైన్ కాబట్టి పాసైందని ఒక్కరూ అనరు. ఆఫీసర్ని బుట్టలో వేసుకున్నాడంటారు." ఆమె కళ్లజోడు పైకి తోసుకుంది. "నీ డిజైన్ నాకు ఇష్టం. నువ్వూ ఇష్టం. రెండింటి మీదా ఆ మాట పడకూడదు. ఊరుకుని ఉంటే నీకు బిల్డింగ్ దక్కేది, నేను దక్కేదాన్ని కాదు."

అతను లోపలున్న ఫైల్ వైపు చూశాడు. ఎన్నాళ్ల కష్టం. అయినా చేయి ముందుకే చాచాడు, ఆమె పట్టుకుంది.

అప్పుడే బామ్మ బయటికొచ్చింది. "ఏమ్మాయ్, మావాడిలో ఏం చూశావు?"

"తప్పు చూపిస్తే దిద్దుకుంటాడండీ."

"ఇంట్లో నాకెప్పుడూ కనపడలేదే," అని బామ్మ ఆమె చెంప నిమిరింది. "సరే, పెళ్లయ్యాక ఎక్కడుంటారు?"

"మనింట్లోనే బామ్మా, ఇంకెక్కడ?" అన్నాడు మనవడు.

బామ్మ తమ రెండు గదుల ఇంటిని మనసులోనే కొలుచుకున్నట్టుంది. మొహంలో రంగులు మారాయి.

"అయితే పై ఆఫీసులో ఎవడున్నాడో కనుక్కో. రేపే వెళ్లి కూర్చుంటా. ఆ కాలనీ తొందరగా లేవాలి. కొత్త జంట పక్కగదిలో నిద్రపోయే ఓపిక నాకు లేదు."

"మరి ముసలివాళ్లొస్తే వీధి పాడవుతుందన్నావు?"

"వాళ్లొస్తే పాడవుతుందన్నాను," అంది బామ్మ చీర కొంగు సర్దుకుంటూ. "నేనొస్తే అన్నానా?"